నాలుగు కిలోమీటర్లు

కారు రంగు బూడిద అన్నారు. నమ్మాను.
పన్ను లేకుండా కొన్న కారు, నా పేరు మీదే,
నేను ఎన్నటికీ నడపలేని కారు.
పాలరాతి గనిలో తూటా తొందరపడిన రోజు నుంచి
నా చీకటికి కాగితం మీద ఒక అంకె ఉంది:
నూటికి తొంభై ఐదు.
మిగిలిన ఐదూ ఏమిటని అడిగితే
డాక్టరమ్మ నా ముఖాన్ని కిటికీ వైపు తిప్పింది.
వెచ్చగా తగిలింది. అదే కాబోలు.

సుంకాల ఆఫీసులో ఇద్దరి పేర్లు రాయమన్నారు,
నా కారు ఎవరు తోలాలో.
గడులు రెండే.
భార్యకైతే గడి అక్కర్లేదు, అనుమతీ అక్కర్లేదు,
కానీ మా లుసీలియాకి గాడిదను తప్ప
దేన్నీ తోలడం రాదు.
మా ఊళ్ళో స్టీరింగు పట్టేవాళ్ళు పదకొండు మంది.
అక్క కొడుకు అదెరీతు పేరూ, రొట్టెల బట్టీ జుల్మీరా పేరూ రాయించాక
మిగతా తొమ్మిది మందీ
నా పలకరింపుకి వారం రోజులు దగ్గుతో జవాబిచ్చారు.

గుమాస్తా మంచివాడు.
పటం పరిచి, వృత్తలేఖిని ముల్లు మా ఇంటి మీద గుచ్చి
అరవై కిలోమీటర్ల గుండ్రం గీసి
నా చూపుడువేలు పట్టుకుని దాని చుట్టూ తిప్పాడు.
"ఈ లోపల మీరు లేకపోయినా బండి కదలొచ్చు.
దాటిందా, మీరు అందులో ఉండి తీరాలి."
ఇంత పెద్ద సున్నా
నా కోసం ఎవరూ ఎప్పుడూ చుట్టలేదు.

ఫిబ్రవరి, వాన, రాత్రి రెండు.
జుల్మీరా తలుపు బాదింది.
"ఫిర్మీను, లే. నువ్వు కావాలి."
ముప్ఫై ఏళ్ళుగా ఆ మాట
ఎవరి నోటా విన్న గుర్తు లేదు.
కూతురు ఇడాలినాకి నొప్పులు. అంబులెన్సు ఇంకో ఊరు పోయింది.
దగ్గరి ఆసుపత్రిలో కాన్పుల వార్డుకి తాళం పడి నాలుగేళ్ళు.
పెద్దాసుపత్రి
ఆ సున్నాకి నాలుగు కిలోమీటర్లు అవతల.

లుసీలియా కుడిదీ ఎడమదీ చెప్పి బూట్లు తొడిగింది.
రాత్రి చొక్కా మీదే కోటు.
వెనక సీట్లోంచి ఇడాలినా
నా భుజాన్ని తలగడలా పిండుతోంది.
గ్వాదియానా వంతెన అతుకులు టక్కు టక్కుమన్నాయి,
తడిసిన నీలగిరి చెట్లు వచ్చి పోయాయి,
గులకరాళ్ళ రోడ్డు పళ్ళు కదిలించింది,
ఆ తర్వాత ఎడమ పక్క పందుల కొట్టం వాసన.
గీత అదే.
"ఇక్కడి నుంచి నేను ఉన్నాను," అన్నాను.
ఎవరూ నవ్వలేదు.

పోలీసు ఆపాడు. ముఖం మీద టార్చి పడింది,
ఆ సంగతి నా ఐదు శాతం చెప్పింది.
బండి ఎవరిది? నాది.
ఎక్కడికి? ఆమెనడుగు బాబూ, నేను కాగితాన్ని.
అంతలో ఇడాలినా అరిచింది.
ఆ కుర్రాడు మా తలుపు తనే మూశాడు,
మెత్తగా, పసిపిల్ల నిద్రపోతోందన్నట్టు.

ఆసుపత్రి ముందు వాళ్ళు దిగి పరుగెత్తారు.
నన్ను మరిచిపోయారు.
వాన రేకు మీద గింజలు ఏరుతోంది.
మరిస్తే మరవనీ,
నేను లేకుండా తిరిగి వెళ్ళలేరు కదా.
ఆ ధీమాతో కునుకు తీశాను.

తెల్లవారాక జుల్మీరా వచ్చింది. చేతులకి పిండి వాసన లేదు.
"ఆడపిల్ల."
బరువెంత?
"ఆరు రొట్టెలంత. చిన్నవి కావు, ఆదివారం రొట్టెలు."

వెనక్కి వస్తూ నిద్ర ఆపుకోడానికి
ఆమె ఏదో ఒకటి మాట్లాడుతూనే ఉంది.
బట్టీ ఆరిపోయిందట, ఊరికి ఈపూట రొట్టె లేదట,
ఆ తొమ్మిది మందీ ఏమంటారో చూడాలట.
కిటికీ దించాను. పందుల కొట్టం.
ఇక నేను దిగిపోయినా చట్టానికి పట్టదు.

దిగలేదు.